వడియాల చాటలో ఇత్తడి తొడుగులు

రాయపురం నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను మాధవరంలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "నాయన పోయినాడక్కా," అన్నాడు. ఆ వెంటనే, "ఆ తుపాకీ, ఆ ఇనప సామాను వదిలించుకోవాల," అన్నాడు. పోయింది వాడి తండ్రి, నాకు పెదనాన్న. బస్సు ఎక్కానే గానీ, ఏడుపుకంటే ముందు నాకు కోపం వచ్చింది.

పెదనాన్నది పప్పుల టోకు వ్యాపారం. ఊత్తుకోట దారిలో కాస్త వేరుశనగ చేను ఉంది. ఆ చేనుకు పందికొక్కుల పీడ. గట్లు తవ్వేసేవి, కాయ ముదరకముందే తినేసేవి. విషం పెట్టమని అందరూ చెప్పారు. చచ్చిన పందికొక్కును తిని గుడ్లగూబలు, కుక్కలు కూడా చస్తాయని ఆయన ఒప్పుకోలేదు. పంట కాపాడుకునే లైసెన్సు తీసుకుని చిన్న రైఫిలు కొన్నారు. తూటాలు మాత్రం, దానికీ అనుమతి తెచ్చుకుని, ఇంట్లోనే చేసుకునేవారు. కాల్చాక మిగిలే ఇత్తడి తొడుగును పారేయకుండా కడిగి, మళ్ళీ మందు నింపి, చేతి ప్రెస్సు మీద కొత్త గుండు బిగించేవారు.

అందుకని బంధువులంతా ఆయన్ను పిసినారి అన్నారు. ఇప్పటికీ అంటున్నారు. అననివ్వండి. నాకు ఆయన చెప్పింది వేరు. "కొన్న గుండయితే సుమ్మా, ఊరికే కాల్చేస్తావు పాపా. నీ చేత్తో చేసిందయితే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తావు." ఆ ఆలోచనతోనే ఎన్నో సాయంత్రాలు ఒక్క గుండూ పేల్చకుండా చేనునుంచి తిరిగి వచ్చారు. గురి వెనకాల ఎవరి గుడిసె ఉందో కనబడకపోతే ట్రిగ్గరు మీద వేలు కూడా పెట్టేవారు కారు. ప్రెస్సు ముందు కూర్చుంటే సెల్‌ఫోను పక్క గదిలో ఉండాలి, కాఫీ తేకూడదు, పలకరించకూడదు.

తొడుగులు కడగడానికి ఆయనకు కావలసింది పెద్దమ్మ వంటింటి చింతపండు. దేవుడి గిన్నెలు తోమినట్టు తోమి, మేడ మీద ఆమె వడియాల చాటలోనే ఒక పక్కగా ఆరబెట్టేవారు. "రసానికి లేకుండా చేస్తా ఉండాడు ఈ మనిషి!" అని పెద్దమ్మ రోజంతా సణిగేది. తమ్ముడి పెళ్ళయిన కొత్తలో వియ్యంకుడు భోజనానికి వచ్చాడు. వేయించిన వడియాలతో పాటు ఆయన ఆకులో ఠంగుమని ఒక ఇత్తడి తొడుగు పడింది. పెద్దమ్మ తల పట్టుకుంది. పెదనాన్న మాత్రం తాపీగా దాన్ని తీసి, సుత్తితో మూతి నలగ్గొట్టి, "ఇది ఇంక పనికిరాదు. నూనెలో కాగింది, నమ్మకూడదు," అని చెత్తబుట్టలో వేశారు. పిసినారి చేసే పనేనా అది?

ఆయనకు సాయంగా కాల్చే మనిషిగా లైసెన్సులో నా పేరు కూడా చేర్పించడానికి వెళ్ళినప్పుడు అక్కడి అధికారి, ఇంట్లో మగవాళ్ళు లేరా అని అడిగాడు. "ఉండారు సార్. గురి ఉండేది ఈ పాపకే," అన్నారు పెదనాన్న. ఆయన కళ్ళు మసకబారాక చేను చూసుకుంది నేనే. బావి పక్కన కూర్చుని ఆయన నా వెనక నుంచి, "ఆగు, ఆగు. ఇంకా ఆగు," అంటూ ఉండేవారు.

కర్మ అయిన మర్నాడు స్టేషన్‌కు వెళ్ళాను. నా పేరు సాయానికి చేర్చిందే, అసలు లైసెన్సుదారు పోయాడు కాబట్టి సోమవారం అన్నీ తెచ్చి సరెండర్ చేయమన్నారు. "సరెండర్ కాదు సార్, డిపాజిట్. లైసెన్సు నా పేరు మీదికి మార్చమని అడుగుతున్నాను. వచ్చాక తీసుకుపోతాను," అన్నాను. ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఇవ్వకపోతే మళ్ళీ అడుగుతాను.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పాత ఇనుము కొనేవాడు తక్కెడతో నిలబడి ఉన్నాడు. తమ్ముడు ప్రెస్సు బల్ల మరలు ఊడదీస్తున్నాడు.

"వచ్చే పంటకు పందికొక్కుల్ని నువ్వు తోలతావా?" అని అడిగాను.

"ఆడుండే చేను అమ్మేస్తే పోలా? ఎందుకక్కా ఈ తలనొప్పి?"

నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి పెద్దమ్మ వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో నానిన చింతపండు. "ఆ మనిషిని పొమ్మను రా," అంది కొడుకుతో. తర్వాత నావైపు తిరిగి, "స్టేషన్‌కు ఇచ్చే ముందు ఆ తొడుగులన్నీ తోమి పెట్టు. తిరిగి ఇంటికి రావాల్సినవి, మురికిగా పోకూడదు," అంది.

ఇద్దరం కూర్చుని తోమాం. ఇప్పుడవి మేడ మీద ఎండలో మెరుస్తున్నాయి. పెద్దమ్మ కర్ర పట్టుకుని, కాకుల్ని తోలుతూ, చాట పక్కనే కాపలా కూర్చుంది. చాటలో వడియాలు ఒక్కటీ లేవు.