పెద్ద బొట్టు

ఆయుధపూజకు బొట్టు పెట్టిన యంత్రం ఏది కనబడినా ఒకసారి బస్సులో కలిసిన ఒకాయనే గుర్తొస్తాడు. ఆ ఏడు పండుగ సాయంత్రం శామీర్‌పేటలో బస్సెక్కాను. కండక్టర్ చేతిలోని టికెట్ మిషన్‌కు కుంకుమ బొట్టు ఉంది. పక్క సీటాయన దాన్నే చూస్తూ, నేను అడగకుండానే మొదలుపెట్టాడు.

"మేం గూడ పొద్దుగాల మా చిప్పుకు పెట్టినమన్నా. మిలిటరీ కోసం సర్కారు పైసలతోని జేసింది. గింత జల్దీ లెక్కలు జేసే చిప్పు మన దేశంల ఇంకోటి లేదు. ఏండ్ల సంది ఇల్లు మరిచి దాని డిజైన్ గీసినం. తయారై వచ్చిందని ఇయ్యాల మా పెద్దసారు తెచ్చిండు. కొబ్బరికాయ నేనే కొట్టిన."

కండక్టర్ ముందుకు వెళ్లాక గొంతు తగ్గించాడు.

"బొట్టు కారి చిప్పు మీద అచ్చేసిన మా పేరు మీద పడ్డది. తడిబట్టతోని తుడిస్తే పేరు గూడ ఊడొచ్చింది. కింద బయటిదేశం కంపెనీ పేరున్నది."

"మీ సారుకు జెప్పలేదా?" అని అడిగాను.

"పక్కకే నిలవడి చూసిండు. ఆయనకు ముందే ఎర్క. 'ఈసారి జర పెద్ద బొట్టు పెట్టు, ఢిల్లీ సార్లు వస్తున్నరు' అన్నడు."

పెట్టావా అని అడగబోయాను. అల్వాల్‌లో దిగడానికి లేచి ఆయన పైకమ్మీ పట్టుకున్నాడు. బొటనవేలు గోటిదాకా కుంకుమతో ఎర్రగా ఉంది.