కారు కనపడని కారు ఫోటో

ఈ పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిచేసరికి, పాత కార్ల మీద మోజున్నవాళ్లంతా చేరిన మా గ్రూపులో అప్పుడే సందడి మొదలైపోయింది. పుణె కుర్రవాడొకడు తన అమెరికా కారును అద్దంలా తుడిచి, ముందునుంచి, వెనకనుంచి, బానెట్ ఎత్తి, దించి, పెళ్లికూతురికి తీసినన్ని ఫోటోలు తీసి పెట్టాడు. మజిల్ కార్లంటారు వీటిని, కండలు తిరిగిన కార్లన్నమాట. అందరూ ఆహా ఓహో అంటుండగా ఆ అబ్బాయే, "అక్కా, మీ అన్నగారి కారు ఫోటోల్లో మొట్టమొదటిది పెట్టరూ" అని అడిగాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఆ మొదటి ఫోటోలో కారు లేదు.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో ప్రతి ఊళ్లోనూ బస్టాండు దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది, పొద్దస్తమానం వడగళ్లు పడ్డట్టు టకటకమంటూ. బాన్సువాడలో అలాంటిదొకటి నాది. రెండువేల సంవత్సరం దాటాక టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోతే మిషన్లు ఒక మూలకు జరిపి, కంప్యూటర్లు కొని, ఇంటర్నెట్ సెంటర్ అని బోర్డు రాయించాను. కరెంటు ఉంటే టెలిఫోన్ లైను ఉండేది కాదు, లైను కలిస్తే కరెంటు పోయేది. రెండూ ఉన్న పూట ఇంటర్ ఫలితాలకోసం పిల్లలు గుమ్మందాకా బారులు తీరేవారు. నేనప్పుడు ఊళ్లో చిన్న రాణిని, అబద్ధమెందుకు.

మా అన్నది వేరే లోకం. నిజాంసాగర్ కాలువ పక్కనున్న మా ఊళ్లో వరి, చెరకు పండించేవాడు. చిన్నప్పుడు డ్యామ్ చూడవచ్చిన పెద్దమనుషుల కారొకటి కట్టమీద వాడి పక్కనుంచే గర్జించుకుంటూ పోయిందట. ఆ చప్పుడు చెవిలోంచి పోలేదు వాడికి. చెరకు బాగా వచ్చిన ఒక ఏడు హైదరాబాదు వెళ్లి, ఏదో పాత బంగళాలో మూలన పడున్న అలాంటి కారునే కొనుక్కొచ్చాడు. పండుమిర్చి ఎరుపు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, షెడ్డులో పెడితే తోక బయటే మిగిలేంత పొడవు. పెట్రోలు తాగుతుందనడం తక్కువమాట, ఏనుగు కుడితి తాగినట్టు తాగేది. అందుకని ఏడాదికొక్కసారి, దసరా నాడు పూజ చేసి ఊరిచివరిదాకా తిప్పి తెచ్చేవాడు. మిగతా రోజుల్లో మా బర్రె దాని బంపర్‌కు వీపు గోక్కునేది.

ఊరంతా నవ్వేది. వదిన నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. బాపు, అదే మా నాన్న, మాత్రం నవ్వేవాడు కాదు, ఆయనకు ఒళ్లు మండేది. షెడ్డు ట్రాక్టరుకు కావాలనేది ఆయన పట్టు. ఒక వానాకాలం ఇక ఆగలేక, మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి వైపునుంచి వచ్చే పాత ఇనుము బేరగాడికి కారు అమ్మేస్తానని మాటిచ్చేశాడు. అన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. అవ్వ, అంటే మా అమ్మ, మధ్యలో పడి బతిమాలితే ఆయన చివరికి ఒక మెట్టు దిగాడు.

"నువ్వు గాక ఇంకొక్కడు గీ ఇనుమును కారంటే ఉంచుకుంట. లేకుంటె దసరా తెల్లారి కోసి తీస్కపోతడు" అన్నాడు.

అనేవాడు ఊళ్లో ఎవడున్నాడు గనక! అన్న బాన్సువాడ వచ్చి నా ముందు కూర్చుని, చిన్నపిల్లాడిలా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మీసాలున్న మగవాడు, నాకంటే పెద్దవాడు అలా ఏడిస్తే చూడటం నా వల్ల కాలేదు. ఆ మధ్యాహ్నమే కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాను. దొరికింది. ఇలాంటి కార్లున్నవాళ్లంతా తమ బండ్ల ఫోటోలు పెట్టుకుని మురిసిపోయే ఫోరం ఒకటి. అక్కడొక ఆనవాయితీ ఉండేది. కొత్తగా వచ్చిన కారు నచ్చితే సభ్యులంతా దానికింద 'పోం పోం' అని హారన్ కొట్టినట్టు టైపు చేసేవారు. హారన్ పడిందంటే అది కారేనని లోకం ఒప్పుకున్నట్టు. మాకు కావలసింది అదే కదా!

బస్టాండు దగ్గరి స్టూడియో ఆయన్ను వెంటబెట్టుకుని ఊరికి పోయాను. ఫోటో అనగానే ఏమవుతుందో మీకు చెప్పాలా? అవ్వ కొత్తచీర కట్టింది. వదిన పిల్లల మొహాలకు పౌడరద్దింది. చిన్నమ్మలు, బావలు, చంకల్లో పసివాళ్లు, అందరూ వచ్చి కారు ముందు బిగదీసుకుని నిలబడ్డారు. కారంటే గిట్టని బాపు కూడా తలకు రుమాలు చుట్టుకుని సరిగ్గా నడిమధ్యన నిలబడ్డాడు. ఫోటో అద్భుతంగా వచ్చింది. ప్రింటును స్కాన్ చేయించి, ఆపసోపాలు పడి ఎక్కించాను. జవాబులొచ్చాయి. చక్కని కుటుంబం, కారెక్కడ? నిజమే, బావల పంచెల సందులోంచి ఒక్క ముందులైటు కన్ను చికిలించుకుని చూస్తోందంతే.

సరే, ఈసారి ఒట్టి కారుకే తీద్దామంటే అవ్వ అడ్డుపడింది. "మనుషులు లేని బండికి ఫోటో ఏందిరా? ఇంట్ల అందరం సచ్చిపోయినమా?" అని ఒకటే గోల. ఆమెను మాటల్లో పెట్టి ఎలాగో తీయించాం. దానికీ హారన్ పడలేదు. చక్రాల చుట్టూ మొలిచిన గడ్డిని చూసి, ఇది ప్రాణంపోయిన బండి, నడిచే బండినే మేం కారంటాం అని తేల్చేశారు. నాకు ఒళ్లు భగ్గుమంది. ఇంగ్లీషులో నాకు తెలిసిన మర్యాద మాటలన్నీ పక్కనపెట్టి, దసరా రానివ్వండి, దుమ్ము లేపి చూపిస్తాం అని రాసేశాను.

దసరా నాడు ట్రాక్టరు బ్యాటరీ తీసి కారుకు పెట్టారు. కాలువనీళ్లతో కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి తాళం తిప్పితే గొంతు సవరించుకుని గర్జించింది. స్టూడియో ఆయన్ను బతిమాలి తెచ్చుకున్న కెమెరాతో నేను సిద్ధం. అంతలో వాన. విడవని వాన. దుమ్ము లేపడం కాదుగదా, గడప దాటడానికే లేకపోయింది. మర్నాడు తెల్లారాక వాన వెలిసింది గానీ, అది బేరగాడు రావలసిన రోజు. అన్న కారులో కూర్చుని దిగనంటే దిగనన్నాడు.

అప్పుడొచ్చింది కబురు. కారును కోసుకుపోవడానికి బయల్దేరిన బేరగాడి మినీ లారీ మా కాలువ మలుపు దగ్గర జారి, రోడ్డు పక్క బురదలో దిగబడిపోయిందట. వెనకచక్రం సగానికి మునిగిందట. ఇంకొంచెం జారితే కాలువలోకే. మా ట్రాక్టరు బ్యాటరీ కారులో ఉంది! దిగనన్న అన్న కారు దిగాడు. చెరకు బండికి కట్టే మోకు కారులో పడేసి బయల్దేరాడు. మేమంతా వెనక పరుగో పరుగు.

కారును గట్టిరోడ్డు మీద నిలబెట్టి మోకు బిగించారు. అన్న యాక్సిలేటరు తొక్కాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా గుండెల్లో ఉంది. చక్రాలు గిర్రున తిరిగి బురదను మా నెత్తిన చల్లాయి, తోక అటూ ఇటూ ఊగింది, లారీ మాత్రం కదల్లేదు. అప్పుడు మా బాపు రుమాలు నడుముకు చుట్టి, "నూకుండ్రి, సూస్తరేంది!" అని అరుస్తూ లారీకి భుజం పెట్టాడు. బావలు పెట్టారు, వదిన పెట్టింది, అవ్వ గట్టున నిలబడి మల్లన్నకు మొక్కింది. లారీ ఒక్కసారిగా విడిపించుకుని రోడ్డెక్కింది. నేను ఆ క్షణంలోనే బటన్ నొక్కాను.

బేరగాడు దిగి, బురద తుడుచుకోవడం కూడా మరిచి కారు చుట్టూ తిరిగాడు. తరవాత బాపు వైపు తిరిగి, "అరే భావూ, ఎవడన్నడు గిది భంగారని? హీ గాడీ ఆహే, గాడీ!" అన్నాడు, కోప్పడుతున్నట్టు. ఎవడన్నాడిది తుక్కని, ఇది కారు, కారు అని ఆ మరాఠీకి అర్థం.

అందరం బాపు మొహంకేసి చూశాం. మాటంటే మాటే ఆయనకు. బురదకాళ్లతోనే ముందుసీట్లో ఎక్కి కూర్చుని, ఎన్నేళ్లుగానో ముట్టుకోని ఆ తలుపు తనే లాక్కుని, "ఇగ ఊరంత ఒక్క చుట్టు కొట్టు" అన్నాడు కొడుకుతో. అంత సంతోషం మా ఇంట్లో పెళ్లిళ్లకు కూడా నేను చూడలేదు.

ఆ ఫోటో ఎక్కించాక ఫోరంలో మోగిన హారన్లు చెప్పనలవి కాదు. తెలియని ఊళ్లవాళ్లు, తెలియని దేశాలవాళ్లు. అన్న ఒక్కటీ వదలకుండా చదివి వినిపించమన్నాడు. ఫలితాలకోసం నిలబడ్డ పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, టైపు టీచరమ్మనైన నేను 'పోం పోం, పోం పోం' అంటూ గంటసేపు చదివాను. ఆ రోజు కారేసుకునే వచ్చిన వాడు బయటికెళ్లి, బాన్సువాడ బస్టాండు ఉలిక్కిపడేలా కారు హారన్ కొట్టి జవాబిచ్చాడు.

ఆ కారు ఇప్పటికీ నడుస్తోంది. అన్న ఇప్పటికీ దసరాకు తిప్పుతాడు, బర్రె లేదుగానీ బంపర్‌ మీద దాని గీతలున్నాయి. ఈ గ్రూపులో రోజూ వచ్చే ఫోటోలు మా వాటికంటే ఎంతో తేటగా ఉంటాయి, తీసినవాడి గోరు కూడా అందులో పడదు. అందమైన కార్లే అన్నీ. కాకపోతే వాటి ముందు ఒక్క మనిషైనా అడ్డంగా నిలబడి ఉండడు, అదే నాకు వెలితి.

పుణె అబ్బాయి అడిగిన మొదటి ఫోటోను వెతికి తీసి, పెట్టేశాను. కొత్త తరం వాళ్లు కదా, నిమిషంలో అదే ప్రశ్న వచ్చింది, కారెక్కడ అక్కా అని. కొత్తచీరలో అవ్వను, రుమాలు చుట్టుకుని నడిమధ్యన నిలబడ్డ బాపును చూసుకుంటూ, కళ్లు తుడుచుకుని జవాబు రాశాను. కారుదేముంది నాయనా, షెడ్డులోనే ఉంది, ఎప్పుడొచ్చినా చూడొచ్చు. దానికి అడ్డంగా నిలబడ్డవాళ్లలో కొందరిని మాత్రం ఇక ఈ ఫోటోలోనే చూడాలి.