అక్క నందివర్ధనం

మా అక్క పోయిన రెండో నెలలో బావగారు చిలకలూరిపేటలో ఇల్లు ఖాళీ చేశారు. డాబా మీదున్న ఆరు తొట్లనూ ట్రాలీ ఆటోలో గుంటూరుకు, మా ఇంటికి పంపించారు. రెండు నందివర్ధనాలు, నాలుగు నూరువరహాలు.

అక్కకు ఆకు రాల్చే మొక్కలంటే పడేది కాదు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండేవే పెంచేది. జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చిన పత్తి నూగు ఆకుల మీద పడితే, తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేది.

మా డాబా మీద కూడా అవి బాగానే ఉన్నాయి. కింద ఇటుకలు పెట్టాను, ఎండాకాలం పచ్చ నెట్ కట్టాను. అయినా నీళ్ళు పోయడానికి ఎక్కిన ప్రతిసారీ వెనక ఎవరో నిలబడి, నేను సరిగ్గా పోస్తున్నానో లేదో చూస్తున్నట్టుండేది. తిరిగి చూసేదాన్ని కాదు.

రెండో ఏడు వానలు మొదలయ్యాక పెద్ద నందివర్ధనం పసుపు తిరిగింది. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి కారిపోతున్నాయి. నర్సరీ ఆయన్ని అడిగితే, "తొట్టి నిండా వేళ్ళే అయ్యుంటాయండి. బయటికి తీసి, చుట్టూ కత్తిరించి, పెద్ద తొట్టిలో పెట్టండి," అన్నాడు.

ఆదివారం పొద్దున తొట్టిని పడుకోబెట్టి, అంచులు తట్టి లాగాను. వేళ్ళు తొట్టి ఆకారంలోనే గట్టిగా చుట్టుకుని బయటికొచ్చాయి. అడుగున నల్లగా ఏదో ఉండ. కొబ్బరి పీచేమో అనుకుని లాగాను. తెగలేదు. చేతికి అంటిన మట్టి తుడుచుకుని చూశాను. పొడుగాటి వెంట్రుకలు. మధ్యలో అక్కడక్కడా తెల్లవి.

అక్క జడ నడుము దాకా ఉండేది. ఇంజెక్షన్లు మొదలెట్టాక నెల తిరక్కుండా ఊడిపోయింది. అంత జుట్టూ ఏం చేశావని అప్పుడు అడిగాను. "ఏముందే, ఊడ్చి పారేశా," అంది.

అక్కడే కూర్చుని బావగారికి ఫోన్ చేశాను. దొరికింది చెప్పాను.

"ఆ రోజుల్లో పొద్దున్నే ఒక్కతే డాబా ఎక్కేదమ్మా. మొక్కలకి మట్టి మారుస్తున్నా, మీరు రావద్దనేది. నేను కింద కూర్చుని బొరిగె చప్పుడు వింటుండేవాణ్ణి."

"తీసెయ్యమంటారా, బావగారూ?"

"వద్దమ్మా. తను దాచుకున్న చోటే ఉండనీ."

పక్కల వేళ్ళు కత్తిరించాను. అడుగు మాత్రం ముట్టుకోలేకపోయాను. వెంట్రుకల చుట్టూ సన్నటి తెల్లవేళ్ళు ఎంత దగ్గరగా అల్లుకున్నాయంటే, ఏది వేరో ఏది కాదో తెలియలేదు. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి, అలాగే కొత్త తొట్టిలో దించాను.

మూడు వారాలు ఏమీ లేదు. తర్వాత కొమ్మల చివర్లలో చిగుళ్ళు వచ్చాయి. ఇప్పుడు నా భుజాల దాకా ఎదిగింది, నిండా పూలు. కోయను.

మిగతా ఐదూ ఇప్పుడు పాలిపోతున్నాయి. తొట్ల కింది కన్నాల్లోంచి వేళ్ళు బయటికొచ్చాయి. పెద్ద తొట్లు తెచ్చి వాటర్ ట్యాంకు పక్కన బోర్లించాను. ప్రతి ఆదివారం మారుద్దామనుకుని ఎక్కుతాను. నీళ్ళు పోసి దిగొచ్చేస్తాను.