పోనిమన్ తాత చేదు మర్యాద

పోనిమన్ తాత గుమ్మం తొక్కినవాడు నేలవేము కషాయం తాగకుండా బయటపడిన దాఖలా మా బ్లితార్‌లో లేదు. పోస్టుమాన్ తాగాడు, కరెంటు మీటరు చూసేవాడు తాగాడు, దారి తప్పి వచ్చిన పెళ్లివారు కూడా తాగారు. మా జావా మర్యాద ప్రకారం పోసింది వదిలేయకూడదు, "బాగుంది" అనకుండా లేవకూడదు. బాగుందంటే తాత ఇంకో గ్లాసు పోస్తాడు. పశువైద్య కళాశాలలో చదివే రోజుల్లో నేను ఆయన పెరట్లో మూడు నెలలు పనిచేశాను. ఆ మూడు నెలలూ నా నాలుక నాది కాదు.

"తాతా, రవ్వంత చక్కెర వేయకూడదూ?"

"చక్కెర వేస్తే ఒంట్లో కొవ్వు దేంతో కరుగుతుందే పిచ్చిపిల్లా? తాగు."

నేను వెళ్లింది ఆ కొవ్వు కోసమే. ఎండ ముదిరితే కోళ్లు రొప్పుతాయి, వాటి నెత్తుట్లో కొవ్వు పెరుగుతుంది. నేలవేము పోస్తే తగ్గుతుందని తాత ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నాడు. దాణా వ్యాపారులు నవ్వేవారు. నేను పరీక్ష చేసి తేలుస్తానన్నాను. నా పట్టా కూడా దాని మీదే ఆధారపడి ఉంది. ఆయన రేకుల షెడ్డులో రెండు వరసలు పెట్టాను. ముప్పై కోళ్లకి నేలవేము నీళ్లు, ముప్పై కోళ్లకి సాదా నీళ్లు.

ఆరు వారాల మండుటెండ తర్వాత రెక్క కింద నరంలోంచి నెత్తురు తీసి చూస్తే, రెండు వరసలకీ కొవ్వు ఒకటే! మా ప్రొఫెసరు కాగితాలు నా ముందుకు తోసి, "ఆకు చేదని మాత్రం రుజువు చేశావమ్మా" అన్నాడు. పట్టా ఆగిపోయింది.

ఏడుపు దిగమింగుకుని తాతకి చెప్పడానికి వెళ్లాను. ఆయన నా ముఖం చూడలేదు.

"అమ్మాయ్, నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు ఆ రెండో వరసక్కూడా కాస్త పోశానే."

"ఎన్ని రోజులు?"

"రోజూనూ."

"తాతా! వాటికీ పోస్తే ఇంక పరీక్షేముంది?"

"పక్కవి నోళ్లు తెరుచుకుని రొప్పుతుంటే వీటికి మాత్రం పోయడమా? పంక్తిలో వలపక్షం చేస్తే మనుషులమేనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కోళ్ల మీద జాలిపడ్డ మనిషికి నా బతుకు కనబడలేదు. ఆయన ముప్పై ఏళ్ల మాట కూడా ఆయన చేతుల మీదుగానే నేలపాలైంది. దాణా వ్యాపారులు ఇంకా గట్టిగా నవ్వారు. పట్టా లేక పశువుల ఆసుపత్రిలో చిన్న పనికి కుదిరితే, నాతో చదివినవాడే అక్కడ నా మీద అధికారిగా వచ్చాడు. ఏడాదిపాటు తాత ఇంటివైపు తొంగిచూడలేదు.

మరుసటి ఎండాకాలం మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి కళాశాల షెడ్డులో, తలుపుకి తాళం వేసి. సంగతి తాతకి ఎవరు చేరవేశారో తెలియదు. ఐదో రోజు మధ్యాహ్నం వెళ్లేసరికి, సాదా నీళ్ల వరస ఎదుట, ఇనప వల బయట కూలబడి, వెదురు విసనకర్రతో కోళ్లకి విసురుతున్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది.

"తాతా, గాలి తగిలితే ఈ లెక్కా పోతుంది!"

"ఆకు ముట్టుకోలేదే, ఒట్టు. గాలి కూడా తప్పేనా?"

తప్పే. తిట్టడానికే నోరు తెరిచాను. వలకి ఆనుకుని ఉన్న కోళ్లు రొప్పడం మాని కళ్లు మూసుకున్నాయి. తాత విసనకర్రని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇటివ్వు తాతా" అన్నాను. "ఆ చివరి వాటికి అందడం లేదు."