కొత్త పుస్తకం మీద వంకర గీత

నా చిన్నప్పుడు మా ఇంట్లో అగ్గిపెట్టె ఉండేది గానీ అగ్గిపుల్ల గీసేవాళ్లం కాదు. పక్కింటి పొయ్యిలోంచి పిడక ముక్క మీద నిప్పు తెచ్చుకునేవాళ్లం. ఉప్పెన వచ్చి మా అమ్మనీ నాన్ననీ ఇంటితో సహా తీసుకుపోయాక మిగిలింది నేనూ మా నాయనమ్మా. ఉన్నది వాడకుండా ఉంటేనే రేపటికి ఉంటుందని ఆవిడ నమ్మకం. నాకూ అదే అబ్బింది. ఇప్పుడు గల్ఫ్‌లో, సిత్రా అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నా, మనిషి లేని గదిలో లైటు వెలుగుతుంటే లేచి ఆర్పేదాకా నాకు తోచదు. పిసినారి అంటారు. అననీ.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు సముద్రపొడ్డున ఉన్న మా ఊరికి దేశదేశాల నుంచి కుర్రవాళ్లు వచ్చారు. మా ఇళ్లకు ఇటుకలు మోశారు, బావుల్లో చేరిన ఉప్పునీళ్లు తోడిపోశారు. వాళ్లలో ఒక తెల్ల అమ్మాయి తాటాకు పందిరి కింద మా ఊరి పిల్లలకు చదువు చెప్పేది. ఇరవై ఏళ్లుంటాయో లేదో. దొరసాని అక్క అనేవాళ్లం. ఆమెకు తెలుగు రాదు. వాళ్లకు తోడుగా వచ్చిన గుంటూరు మేష్టారి దగ్గర ముందురోజు తను నేర్చుకున్న అక్షరాన్నే మరునాడు మాకు దిద్దించేది. కింద కూర్చోవడానికి మోకాళ్లు మడతపడక అవస్థపడుతుంటే, నీళ్లకు వెళ్లే ఆడవాళ్లు ఆగి మరీ నవ్వేవాళ్లు. "పాపం, ఆ పిల్లకి కూర్చోడం కూడా ఎవరూ నేర్పలేదే!" అని మా నాయనమ్మ అంటే, అర్థం కాకపోయినా ఆమె కూడా నవ్వేది.

అన్నాళ్లూ పగిలిన పలకల మీదే మా చదువు. ఇక రెండు వారాల్లో వెళ్లిపోతుందనగా ఆమె మాకు తలా ఒక తెల్లకాగితాల పుస్తకం, పెన్సిలు ఇచ్చింది. రోజుకో పేజీ రాయాలని, వెళ్లేరోజు అందరివీ చూస్తానని మేష్టారి చేత చెప్పించింది. నా పుస్తకాన్ని నాయనమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, "కొత్తదే! దాచుకో. అయిపోతే మళ్లీ ఎవడిస్తాడు నీకు?" అంది. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. పాత చీర ముక్కలో చుట్టి చూరులో పెట్టాను. పొద్దున్నే తీసి, ఒళ్లో పెట్టుకుని పందిరి కింద కూర్చునేదాన్ని. రాతంతా ఇసుకలో, వేలితోనే. అందరికంటే నాకే అక్షరాలు గుండ్రంగా వచ్చేవి. గాలి వస్తే చెరిగిపోయేవి, అంతే.

ఆమె వెళ్లే రోజు వచ్చింది. మమ్మల్ని వరసగా నిలబెట్టి పుస్తకాలు చూసింది. కొందరివి చెమటకి నలిగాయి, కొందరివి చేపల కంపు కొట్టాయి. అయినా ప్రతి పేజీకీ ఆమె మొహం వెలిగేది. నా వంతు రాగానే చీర ముక్క విప్పి, గర్వంగా అందించాను. మడత పడలేదు, మరక లేదు. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చింది. మొహం చిన్నబోయింది.

"మొద్దు మొహమా, రెండు వారాల్లో ఒక్క అక్షరం గీకలేదే?" అన్నారు మేష్టారు. ఎందుకు రాయలేదో అడగమందామె.

"అయిపోద్దని" అన్నాను.

మేష్టారు ఆ మాట ఆమెకు చెప్పి తనే నవ్వారు. పిల్లలంతా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, మొదటి పేజీ తెరిచి, ఈ మూల నుంచి ఆ మూల దాకా పెద్ద వంకర గీత గీసేసింది.

ఎవరో నా వీపు మీద వాత పెట్టినట్టయింది. పధ్నాలుగు రోజులు కంటికి రెప్పలా కాచుకున్న పుస్తకం. లాక్కుని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ కూడా గీత చూసి, "దొరసాని అయితే మాత్రం, తల్లి లేని పిల్ల పుస్తకం పాడుచేస్తదా!" అని శాపనార్థాలు పెట్టింది. కొంతసేపటికి దొరసాని అక్క మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. వచ్చీరాని తెలుగులో నా పేరు పెట్టి పిలిచింది. నేను తడిక వెనక నక్కాను. మళ్లీ పిలిచింది. నాయనమ్మ నన్ను బయటికి పంపలేదు, నేనూ కదల్లేదు. అవతల రోడ్డు మీద జీపు హారన్ కొట్టింది. రెండోసారి కొట్టింది. తడిక సందులోంచి ఆమె పాదాలు వెనక్కి తిరగడం చూశాను. మళ్లీ ఆమెను చూడలేదు. ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా తెలియదు.

పది రోజులకి నా కోపం పాతబడింది. ఎలాగూ పాడైపోయిన పుస్తకమే కదా అని గీత కింద నా పేరు రాశాను. ఆ పక్కన అమ్మ పేరు. తరవాత ఆపలేదు. అంచులు కూడా వదలకుండా నింపాను. ఆమెతోపాటే పందిరి చదువు ఆగిపోయింది, మరుసటేడు నాయనమ్మ నన్ను రొయ్యలు ఏరే కూలికి పంపింది. నాకు వచ్చిన చదువంతా ఆ ఒక్క పుస్తకంలోదే.

ఆమె నన్ను శిక్షించిందనే చాలా ఏళ్లు అనుకున్నాను. పెళ్లయి, పిల్ల పుట్టి, ఇక్కడే గల్ఫ్‌లో, జల్లాఖ్ అనే ఊళ్లో ఒక ఇంట్లో పనికి కుదిరాక, ఒకసారి సెలవు మీద ఊరెళుతూ నా కూతురికి గౌను పట్టుకెళ్లాను. మనకు కొత్త బట్ట కట్టేముందు అంచుకి పసుపు రాయడం ఉంది కదా. నేను వేలితో పసుపు పెట్టగానే అది "కొత్త గౌను మీద మరక పెట్టావు" అని రాగం తీసింది. "పసుపు పెడితేనే కదే కట్టుకోవడానికి పనికొచ్చేది" అంటూ ఉన్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ఆ వంకర గీత నా కళ్ల ముందు కనబడింది. మన ఆచారం ఆమెకేం తెలుసు? అయినా ఆమె నా పుస్తకానికి చేసింది అదే. నాతో పుస్తకం వాడించడానికి దాని కొత్తదనం ఒక్కటే ఆమె పాడుచేసింది. ఆ గుమ్మం ముందు నిలబడింది కూడా ఆ మాట చెప్పడానికేనేమో. నేను వెళ్లలేదు.

ఒక దొరసాని నాకు అక్షరాలు దిద్దించిందని ఇంట్లో అందరికీ తెలుసు గానీ, ఈ గీత సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడు చెప్పవలసి వచ్చింది.

మా మనవరాలు ఇక్కడే పుట్టి పెరిగింది. డిగ్రీ అవగానే ఆఫ్రికాలో మలావీ దేశంలో ఒక పల్లెటూరి బడిలో మూడు నెలలు పాఠాలు చెబుతానంది. నాలుగు దేశాల పిల్లలు కలిసి వెళ్తారట. "జీతం లేని డ్యూటీ ఏంటే? పైగా టికెట్టు మనదా?" అని కేకలేశాను. "నీకు అక్షరాలు దిద్దించినామె జీతం తీసుకుందా అమ్మమ్మా?" అంది. చివరికి వెళ్లనే వెళ్లింది.

ఒక శుక్రవారం ఫోన్ చేసింది. గొంతు బాగోలేదు. పిల్లలందరికీ నోటుపుస్తకాలు ఇచ్చిందట. ఒక పిల్ల మూడు వారాలైనా ఒక్క ముక్క రాయలేదట. "నాకు కోపం వచ్చింది అమ్మమ్మా. రాసేవాళ్లకి ఇస్తానని అందరి ముందూ వెనక్కి తీసేసుకున్నా. అప్పట్నుంచి అది బడికి రావట్లేదు."

నేను పొయ్యి కట్టేసి కూర్చున్నాను. పుస్తకం ఎలా ఉందే అని అడిగాను. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉందంది. ఇంకేం అడగక్కర్లేకపోయింది. నా కథంతా చెప్పాను. "పొద్దున్నే వాళ్లింటికి వెళ్లు. మొదటి పేజీ మీద గీత గీసి దాని చేతిలో పెట్టు. దానికి కోపం వస్తే రానీ" అన్నాను.

వెళ్లిందట. ఇంటికి తాళం. పొగాకు తోటల్లో పని దొరికిందని తల్లి పిల్లల్ని తీసుకుని వేరే జిల్లాకు వెళ్లిపోయిందని ఇరుగుపొరుగు చెప్పారట. ఎప్పుడొస్తారో తెలియదట. మా పిల్లకు అక్కడ ఇంకా పది రోజులే ఉంది. "ఆ పుస్తకం నువ్వు తెచ్చుకోకే. అది నీది కాదు. గీత గీసి, ఆ ఊళ్లోనే ఉండే పంతులమ్మకి అప్పగించు. నువ్వు వచ్చేసేదానివి, ఆవిడ ఉండేది" అని చెప్పాను. అలాగే చేసింది. ఆ పిల్ల తిరిగి వచ్చిందో లేదో ఈ రోజుకీ మాకు తెలియదు.

పోయిన వారం మనవరాలు ఇంటికొచ్చింది. నల్లబడింది, చిక్కింది. అన్నం పెడుతుంటే తనే చెప్పింది, బయలుదేరే రోజు కూడా మళ్లీ ఆ తాళం వేసిన ఇంటికి వెళ్లానని.

"తాళం ఉందని తెలిసీ ఎందుకెళ్లావే?"

"ఊరికే. గుమ్మం ముందు నిలబడ్డా."

"ఎంతసేపు?"

"జీపు హారన్ కొట్టేదాకా" అంది.

వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టి, దాని తల నిమిరాను. అలాంటివి నాకు అలవాటు లేదు. ఆ రోజు ఏడ్చింది తడిక వెనక నేనొక్కదాన్నే అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. తడికకు అవతల కూడా ఒకరు ఏడ్చి ఉంటారని తోచలేదు.