తారానగర్ గనిలో హులిగెమ్మ మాట

గుంతకల్లులో పొద్దున ఆరుంబావుకు బళ్ళారి వైపు వెళ్లే ప్యాసింజరు బండి ఉంది. చిన్న పట్టాల బండి. ఆలస్యం కాకపోతే ఎనిమిదిన్నరకల్లా దించుతుంది. ఇంజను పక్క పెట్టెలు మాత్రం ఎక్కకండి, బొగ్గు నుసి కళ్లలో పడుతుంది. తొందరలో నేను అలాంటి పెట్టెలోనే ఎక్కి, హగరి ఏరు దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. తుడుచుకున్నదంతా నుసి వల్లేనని చెప్పలేను. ఆ ఊరికి నేను వెళ్లి ఏడేళ్లయింది.

రెండు గంటల ప్రయాణానికి ఏడేళ్లెందుకు పట్టిందని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్నవి సాకులే. బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లిపోయింది, నాకు గుంతకల్లులో బడిపంతులమ్మ ఉద్యోగం దొరికింది, పెళ్లయింది. సర్కారు ఉద్యోగి అర్జీల జోలికి పోకూడదని హెడ్మాస్టరు మొదటి వారమే చెప్పాడు. నేను తలూపాను. పెద్దమ్మకు మొదట నెలకో ఉత్తరం రాసేదాన్ని. తర్వాత ఉగాదికి ఒక కార్డు. తర్వాత అదీ లేదు.

పోయిన వారం నాకే ఒక కార్డు వచ్చింది. పెద్దమ్మ దస్తూరీ కాదు. తెలుగు అక్షరాలకు కన్నడ తలకట్లు పెట్టి ఎవరో రాశారు. "పెద్దమ్మ నిన్ను రమ్మంటాండాది అక్కా. శనివారం తారానగర్ గనికి పెద్ద ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయనకు ఇంగ్లీషు తప్ప ఏమీ రాదంట. నువ్వు వస్తే బాగుంటాది. ఇట్లు, హులిగెమ్మ."

పెద్దమ్మ అంటే చుట్టరికం కాదు, మేమంతా అలా పిలిచే లక్ష్మీదేవమ్మగారు. బళ్ళారి బ్రూసుపేట బజారులో బట్టల అంగడి ఉన్న ఇంటి కోడలు. ఆమెకు పంతొమ్మిదేళ్లకే భర్త పోయాడు. తమ అంగట్లోనే అమ్మే విదేశీ సీమ బట్టలకు వ్యతిరేకంగా, తమ అంగడి మెట్ల మీదే కూర్చుని పికెటింగు చేసి, వేలూరు జైలుకు వెళ్లొచ్చిన మనిషి. వచ్చాక మేడ మీది గది అడిగి తీసుకుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడ కూలివాళ్ల ఆడపిల్లల్ని కూర్చోబెట్టి చట్టాలు చదివించేది. మా నాన్న పత్తి జిన్ను మిల్లులో పనిచేసేవాడు. పదిహేనో ఏట నేను ఆ గదిలోకి వెళ్లాను, నాలుగేళ్లు వదల్లేదు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా ఎదురుచూసిన రోజులు నా జీవితంలో అవే.

బండిలో నా ఎదురుగా కప్పగల్లు ఊరి అవ్వ ఒకామె బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"యాడికమ్మా పోతాండేది?"

"బళ్ళారికి అవ్వా."

"పుట్టినిల్లా?"

మా నాన్న ఎప్పుడో ఆదోని వెళ్లిపోయాడు. బళ్ళారిలో నావాళ్లంటూ ఎవరూ లేరు. అయినా అవునన్నాను. ఆమె నవ్వి, బుట్టలోంచి రెండు జామకాయలు తీసి చేతిలో పెట్టింది.

ఎనిమిదీ నలభైకి దిగాను. స్టేషను బయట హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. వెళ్లినవారు తప్పక తినండి, ఆ కారం గుంతకల్లులో రాదు. అక్కడి నుంచి జట్కాలో బజారుకు. కోటగుట్ట ఎప్పటిలాగే ఊరి మీదికి వంగి ఉంది. అంగళ్ల బోర్డులన్నీ కన్నడంలోకి మారాయి, లోపల బేరాలు మాత్రం తెలుగులోనే సాగుతున్నాయి.

పెద్దమ్మ మేడ మీది గదిలో చాప మీద కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయింది. రెండు కళ్లలోనూ తెల్లటి పొర. నేను గడపలో నిలబడి "పెద్దమ్మా" అన్నాను. ఆమె తల నా వైపు కాక కొంచెం పక్కకు తిప్పింది.

"సరోజా? గొంతు లావయ్యిందే. బళ్లో పిల్లోళ్ల మీద అరిసి అరిసి పాడు చేసుకున్నావు. దా, కూచ్చో."

అంతే. ఏడేళ్లెందుకు రాలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

కిటికీ పక్కన, నేను ఎప్పుడూ కూర్చునే చోట, పద్దెనిమిదేళ్ల పిల్ల ఒకతె పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఉంది. నల్లగా, పొడుగ్గా ఉంది. ఎడమ చెవి తమ్మె సగం లేదు. నన్ను చూసి లేచి నిలబడింది. హులిగెమ్మ. వాళ్లమ్మ ఎల్లమ్మ తారానగర్ దగ్గర గనిలో రాళ్లు కొడుతుంది. పిల్లను పెద్దమ్మ దగ్గరుంచి హైస్కూలు చదివిస్తున్నారు. ఇప్పుడు పెద్దమ్మకు కళ్లూ ఆ పిల్లే, దస్తూరీ ఆ పిల్లే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు అసూయ కలిగింది.

జొన్నరొట్టె, గురెళ్ల పొడి తిన్నాక అసలు పని మొదలైంది. గనుల్లో ఆడవాళ్లు పనిచేసే చోట చంటిబిడ్డలకు ఒక గది, చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలని చట్టంలో ఉంది. ఆ గనిలో లేదు. తల్లులు బిడ్డల్ని రాళ్లకుప్పల పక్కన చీర కొంగు కప్పి పడుకోబెట్టి పనిచేస్తారు. ఈ సంగతి మీద అర్జీ రాసింది హులిగెమ్మే, ఊరు ఊరంతా తిరిగి వేలిముద్రలు వేయించిందీ తనే. ఇన్‌స్పెక్టరు రావడం దాని ఫలితమే.

పెద్దమ్మ గోడకు ఆనుకుని గొంతు మార్చింది. హులిగెమ్మ ఎదురుగా నిలబడింది. మాకు నేర్పేటప్పుడు ఆమె ఇలాగే దొర వేషం కట్టేది.

"ఎవరే నువ్వు? ఎవరు పంపినారు?"

"ఎవరూ పంపలా సార్. నేనే వచ్చినా."

"రాళ్లు కొట్టేదాని కూతురివి. నీకు చట్టం ఏం తెలుసునే?"

"ఈ పుటలో ఉండాది సార్. చదువుతా, వినండి."

"అబద్ధం చెప్తాండావు! ఈడ గది ఉండాది."

"అట్లయితే చూపించండి సార్. నేనూ వస్తా."

ఒక్క మాట తడబడలేదు. నా పదహారో ఏట ఇదే గదిలో, ఇదే 'దొర' ముందు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పెద్దమ్మకు అది గుర్తుందో లేదో అనుకుంటూండగానే ఆమె నా వైపు తిరిగి, "ఈ పిల్ల ఏడ్వదు సరోజా, నీ మాదిరి కాదు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. లోపల మాత్రం చాలాసేపు నొప్పెట్టింది.

మర్నాడు ఏడింటికి సండూరు బస్సు. ముగ్గురం ఎక్కాం. వద్దన్నా పెద్దమ్మ వినలేదు. నల్లరేగడి పొలాలు అయిపోయి, కొండలు దగ్గరయ్యేకొద్దీ రోడ్డు ఎర్రబడింది. తారానగర్‌లో దిగేసరికి మా తెల్లచీరలన్నీ కావిరంగులోకి తిరిగాయి. మంచినీళ్లు చెంబుతో వెంట తీసుకెళ్లండి, కొండ మీద దొరకవు. పెద్దమ్మను ఎద్దుల బండిలో కూర్చోబెట్టి మేం పక్కన నడిచాం.

గని దగ్గర ముప్పై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని సుత్తులతో రాళ్లు కొడుతున్నారు. వాళ్లకు కొంచెం దూరంలో కొత్త పందిరి ఒకటి, లోపల తెల్లటి చాప, కుండలో నీళ్లు, తుడిచిన మొహాలతో నలుగురు పిల్లలు. హులిగెమ్మ అడుగు ఆగిపోయింది.

"పోయిన ఆదివారం ఇది లేదు అక్కా."

పదిన్నరకు ఇన్‌స్పెక్టరు జీపు వచ్చింది. ఉత్తరాది మనిషి, పెద్దవయసు, మర్యాదగానే ఉన్నాడు. కంట్రాక్టరు తరఫు మేస్త్రి ఆయన్ను నేరుగా పందిరి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన చూశాడు, తలూపాడు, పుస్తకం తీశాడు. అప్పుడే నేను ముందుకు వెళ్లి ఇంగ్లీషులో పలకరించాను. ఆయన మొహం వికసించింది. "మీరు చెప్పండి" అన్నాడు.

అంతా నా నాలుక చివర ఉంది. చట్టం నాకూ తెలుసు. ఈ ఆడవాళ్ల తరఫున నేను మాట్లాడతాను, పెద్దమ్మ వింటుంది, ఏడేళ్ల వెలితి ఒక్కసారిగా తీరిపోతుంది. నోరు తెరిచాను. బండిలోంచి దిగి నా భుజం పట్టుకుని నిలబడిన పెద్దమ్మ వేళ్లు బిగుసుకున్నాయి.

"నీ ఇంగ్లీషు ఇయ్యి చాలు. మాట ఆ పిల్లది."

నేను పక్కకు జరిగాను. అంత కష్టమైన అడుగు నేను ఎప్పుడూ వేయలేదు.

హులిగెమ్మ ముందుకు వచ్చింది. పందిరి గుంజ పక్కన నిలబడింది. ఆమె ఒక్కో మాట చెబుతుంటే నేను ఒక్కో మాట ఇంగ్లీషులో పెట్టాను.

"సార్, ఈ పందిరి ఆకు ముట్టి చూడండి. ఇంకా పచ్చిగా ఉండాది. నిన్న కొట్టి కప్పినారు. రేపు పీకేస్తారు."

ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆకు తుంచాడు. వేళ్లకు పసరు అంటింది.

"మా యమ్మ అప్పుడూ ఈ గనిలోనే కొట్టేది సార్. నేను పాలు తాగే పిల్లప్పుడు నన్ను ఆ రాళ్లకాడ పండబెట్టింది. రాయి పగిలి చెక్క ఎగిరొచ్చింది." జుట్టు వెనక్కి తీసి సగం తెగిన చెవి చూపించింది. "నాకు చెవితో పోయింది. ఇంకోరికి కన్ను పోతాది. అందుకే అడుగుతాండా."

మేస్త్రి అడ్డం వచ్చాడు. వరసలో ఉన్న ఎల్లమ్మను చూసి కన్నడంలో అరిచాడు. సోమవారం నుంచి ఆమెకు పని లేదన్నది దాని సారాంశం. అదీ ఇంగ్లీషులోకి మార్చి ఇన్‌స్పెక్టరుకు చెప్పాను. హులిగెమ్మ మొహం పాలిపోయింది. దొర వేషంలో పెద్దమ్మ ఎప్పుడూ ఈ మాట అని ఉండదు. ఆ పిల్ల తల్లి వైపు చూసింది, ఇక చాలు అంటే ఆపేస్తానన్నట్టు.

ఎల్లమ్మ సుత్తి కింద పెట్టి లేచింది. "చెప్పు పాపా, ఆపొద్దు. పోతే పోనీ పని."

ఆమె పక్కనామె కూడా సుత్తి పెట్టేసింది. తర్వాత ఆ పక్కనామె. "ఎల్లమ్మకు లేని పని మాకూ వద్దప్పా" అని ఎవరో అన్నారు. ఇదెవరూ నేర్పలేదు. చప్పుళ్లు ఒక్కొక్కటిగా ఆగిపోవడం విని పెద్దమ్మ, "ఏమయ్యిందే? ఏమయ్యిందే?" అని నన్ను కుదిపేసింది. "సుత్తులు కింద పెట్టేస్తాండారు పెద్దమ్మా" అన్నాను. మిగతాది ఆమే అర్థం చేసుకుంది.

ఇన్‌స్పెక్టరు అక్కడే నిలబడి రాశాడు. రాతి గోడల గది, ఒక ఆయా, నీళ్లు. మేస్త్రి బెదిరించిన మాట కూడా రాశాడు. నేను గుంతకల్లు వచ్చాక హులిగెమ్మ రాసిన ఉత్తరం వల్ల తెలిసింది ఇది: ఎల్లమ్మను రెండు వారాలు పనిలోకి రానివ్వలేదు, తర్వాత ఇన్‌స్పెక్టరు కాగితం వచ్చాక రానిచ్చారు. గది గోడలు నడుమెత్తు లేచాయట. పైకప్పు సంగతి ఇంకా తేలలేదు.

ఆ సాయంత్రం బస్సులో హులిగెమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను ధైర్యం చేసి అన్నాను.

"పెద్దమ్మా, ఇంక నెలకోసారి ఆదివారం వస్తా. మునుపటి మాదిరి."

ఆమె చెంబులో మిగిలిన నీళ్లు రెండు గుక్కలు తాగింది.

"ఆ మేడ మింద నీకు నేర్చుకునేది ఏం మిగిలిందే? రావద్దనలా. నన్ను చూడాలంటే రా. దానికోసరం మాత్రం రావద్దు." నా చెయ్యి వెతికి పట్టుకుంది. "గుంతకల్లులో ఆడోళ్లు లేరా?"

ఆదివారం మధ్యాహ్నం రెండింటి బండికి తిరుగు ప్రయాణం. ఆమె మెట్లు దిగలేకపోయింది. జట్కా మలుపు తిరిగేదాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. కిటికీలో ఇద్దరూ కనిపించారు. కూర్చున్న మనిషి, పక్కన నిలబడిన పిల్ల. ఆ గది ఇక నాది కాదన్న బాధ హగరి వంతెన దాటేదాకా గుండెలో రాయిలా ఉంది. వంతెన దాటాక కూడా ఉంది, కానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఆమె దగ్గరికి తిరిగి వెళ్లడం. ఆమె కోరుకున్నది నేను ముందుకు వెళ్లడం.

నాలుగున్నరకు గుంతకల్లులో దిగాను. స్టేషను నుంచి మా ఇంటి దారిలో వేరుశెనగ కాయలు ఒలిచే యార్డు ఉంది. ఏడేళ్లుగా రోజూ దాని ముందు నుంచే బడికి వెళ్తున్నాను. ఆ ఆదివారం కూడా పని జరుగుతోంది. గేటు దగ్గర ఒకామె దుమ్ము పట్టిన కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నేను సంచి కింద పెట్టాను.

"మీరు నీళ్లు యాడ తాగుతారక్కా?" అని అడిగాను.

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "అడిగి ఏం చేస్తావు పంతులమ్మా?" అంది.

"ముందు చూస్తాను."

ఆమె చేతిలోని చేట పక్కన పెట్టి, దారి చూపిస్తూ లోపలికి నడిచింది.