మిగిలిన మంట

నూనె మిల్లు బాయిలరులో రంపపు పొట్టు వేయడం మొదలైనప్పుడు ఆదోనిలో అందరూ మెచ్చుకున్నారు. పారేసే పొట్టుతో మిల్లు నడుస్తోందట! పారేసేదెవరు? మా అమ్మ ఏనాడూ పిడికెడు పారేయలేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఈ మాట మీదే నాన్నతో వాదించాను. ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను.

మాది పొట్టు పొయ్యి. రేకు డబ్బా నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి, అమ్మ రోకలితో గట్టిగా కూరేది. సీసాను తిప్పుతూ పైకి లాగితే మంటకు దారి ఏర్పడేది. ఒకసారి అంటించామా, ఇక ఆర్పడం మన చేతిలో ఉండదు. మా వంట అయిపోయినా మండుతూనే ఉండేది. ఆ మిగిలిన మంట పక్కింటావిడది.

"అక్కా, మంటుందా?" అని గోడవతల నుంచి కేక.

"ఉండాది, తే. ఈపొద్దన్నా ఉప్పు సూసి ఎయ్యి."

"తక్కువైతే ఏమిలే అక్కా, నీ నోట్లో కారం ఉండాది కదా, కలుపుకుంటాం!"

పప్పు ఉడికేదాకా ఇద్దరూ పీటలేసుకుని ఊరందరినీ కడిగేసేవారు. నా పుస్తకం ఒళ్లో, చెవులు అక్కడ.

కోత మిల్లులో మాకు పొట్టు దొరకడం ఆగిపోయాక, అమ్మ గోనెసంచి చంకన పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది. నేనూ వెళ్ళాను. అక్కడి కోత మిల్లు ముందు కూడా ఆ నూనె మిల్లు లారీయే నిలబడి ఉంది. చిప్పగిరి పత్తి కట్టె, కోసిగి కంప కూడా వాళ్ళే ఎత్తుకుపోతున్నారట.

"ఒక్క సంచికన్నా లేదాప్పా?"

"ఊడ్చుకోని పోతాండారమ్మా. ఇంగ యాడుంది?"

ఖాళీ సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని అమ్మ తిరుగు బస్సులో కూర్చుంది.

నాన్న కిరోసిన్ స్టవ్వు తెచ్చాడు. చెవి తిప్పితే ఆరిపోతుంది. ఏమీ మిగల్చదు. మొదటిరోజు అమ్మ అన్నం దించి దాన్ని ఆర్పిందో లేదో, గోడవతల నుంచి అదే కేక.

"అక్కా, మంటుందా?"

"ఉండాది, తే" అంటూనే అమ్మ గబగబా అగ్గిపుల్ల గీసింది.

ఆవిడ తపేలాతో వచ్చి గడప దగ్గరే ఆగింది. వాసన పట్టేసింది. రేషన్ కిరోసిన్ ఎవరింట్లోనూ మిగలదని ఆవిడకు తెలియదా?

"మరిసేపోయినానక్కా, పొద్దున్నే ఉడకేసినా" అని, పచ్చి పప్పున్న తపేలా కొంగుచాటున పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

ఆ వేళకు అమ్మ మాత్రం రెండో పీట కూడా వాల్చేది. "గోడ కాడ పిల్సినట్లుండాది, సూడుపో" అనేది. ప్రతి మాటకూ అడ్డం తిరిగే నేను, ఎవరూ పిలవలేదని తెలిసీ, లేచి చూసొచ్చేదాన్ని.